మంచి కంటిని ఎందుకు ముట్టుకోవాలి?

"మంచి కన్ను కూడా కోస్తారట గదండీ డాక్టరు గారూ! ఉన్న ఆ ఒక్కటీ పోతే మా పిల్లాడి గతేం కాను?"

ఓ.పి. అయిపోయి, నేను చేతులు కడుక్కుంటున్నప్పుడు వినిపించిన మాట ఇది. అడిగినావిడకు 60 దాటి వుంటాయి. పక్కన కోడలు. కోడలి కొంగు పట్టుకుని 5 ఏళ్ల మనవడు, కుడి కన్ను మూసుకుని, తల వంచుకుని. తలుపు దగ్గరే ఆగిపోయిన పెద్దాయన ఆవిడ భర్త. హైస్కూల్లో చెప్పి రిటైరయిన మాస్టారు. ఆయన చేతిలో ఒక ఫైలు వుంది.

సంగతి కోడలు చెప్పింది. 4 నెలల క్రితం మాస్టారు భోంచేసి తాంబూలం వేసుకుంటున్నారు. పక్కనే పెట్టిన సున్నం ట్యూబును పిల్లవాడు తీసుకుని పిసికాడు. మూత బిగిసి వుంది. వెనక అతుకు వూడి సున్నం కంట్లోకి చిమ్మింది. ఇంట్లోవాళ్లు కొంగుతో తుడిచారు. పక్కింటావిడ ఆముదం చుక్క వేస్తే చల్లబడుతుందంటే అదీ వేశారు. ఆటో దొరికి డాక్టరు దగ్గరకు చేరేసరికి గంటన్నర దాటింది. మందులు వాడారు, మంట తగ్గింది. కానీ ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది. ఆ పొర మీదికి ఎర్రటి రక్తనాళాలు పాకాయి. వెలుతురు చూడలేడు, నీళ్లు కారుతూనే వుంటాయి.

హైదరాబాదులో పెద్ద కంటి ఆస్పత్రికి తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చేసి, "ఎడమ కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి కుడి కంటి మీద నాటాలి" అన్నారట. సంతకం పెట్టకుండా ముగ్గురూ బస్సెక్కి వచ్చేశారు.

నేను కళ్ల డాక్టరును కాను. ఆ సంగతి ముందే చెప్పాను. అయినా నమ్మకం వున్న డాక్టరుతో ఇంకోసారి చెప్పించుకోవాలని రావడం మన ఇళ్లలో మామూలే. అది తప్పు కూడా కాదు.

మాస్టారు అప్పుడు ఫైలు తెరిచారు. అమెరికాలో వున్న మేనల్లుడు ఈ వైద్యం ఎక్కడ మొదలైందో వెతికి, ఒక శాస్త్రజ్ఞుడి పరిశోధన వ్యాసాల పట్టిక పంపాడట. ఆ శాస్త్రజ్ఞుడి పేరు టుంగ్-టియెన్ సన్. పుట్టింది చైనాలో, చదివింది తైవాన్‌లో, ఆ తర్వాత అమెరికాలో. చాలాకాలం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. పట్టిక పేజీల కొద్దీ వుంది. మాస్టారు ప్రతి పేరు కిందా పెన్సిలుతో గీతలు గీశారు.

"నాకు ఇంగ్లీషు వచ్చును డాక్టరు గారూ. మొత్తం చదివాను. ఇందులో కుందేలు కన్ను వుంది. ఎలుక వుంది. చర్మం వుంది. ఆవు మూత్రాశయం కూడా వుంది. సున్నం పడిన పిల్లవాడి కన్ను మాత్రం ఎక్కడా లేదు. మరి మా వాడి మీద చేసేది ప్రయోగమేనా?"

మంచి ప్రశ్న. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆ రోజు వాళ్లకు చెప్పినదే మరికొంచెం విడమరిచి ఈ వారం రాస్తున్నాను. సున్నం, యాసిడ్, బట్టలసోడా, టపాకాయల మందు వల్ల కన్ను పాడైన పిల్లలు మన వూళ్లలో చాలామందే వున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు కూడా ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

ముందు కంటి సంగతి. నల్లగుడ్డు అని మనం అనేది నిజానికి నల్లగా వుండదు. అది గడియారం మీద అద్దంలాంటి పారదర్శకమైన పొర. డాక్టర్లు కార్నియా అంటారు. అడ్డంగా కొలిస్తే 11, 12 మిల్లీమీటర్లుంటుంది. నడుమ మందం అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు వుండవు, వుంటే అద్దం అద్దంలా వుండదు. ఈ అద్దం పైన 5 నుంచి 7 వరసల జీవకణాలు పలకల్లా పరుచుకుని వుంటాయి. మనం రెప్ప వేసినప్పుడల్లా పైవరస కణాలు రాలిపోతూ వుంటాయి, కింద నుంచి కొత్తవి వస్తూ వుంటాయి. వారం పది రోజుల్లో మొత్తం పైపొర మారిపోతుంది. కంట్లో నలక పడి గీసుకుంటే రెండు మూడు రోజుల్లో మానిపోవడానికి కారణం ఇదే.

మరి కొత్త కణాలు ఎక్కడ పుడుతున్నాయి? ఇది చూడటానికి చిన్న ప్రశ్న. కానీ మీ పిల్లవాడి ఆపరేషను మొత్తం దీని జవాబు మీదే ఆధారపడి వుంది.

చాలాకాలం అందరూ అనుకున్నదేమంటే, చర్మంలో లాగే కార్నియాలోనూ అడుగు వరస అంతటా కణాలు పుడతాయని. అనుమానాలు లేకపోలేదు. 1971లో డేవేంజర్, ఈవెన్సెన్ అనే ఇద్దరు, గినీపందుల కళ్లలో అంచు దగ్గర వున్న రంగు కణాలు గాయం మానేటప్పుడు గీతలుగా లోపలికి జరగడం గమనించి, కొత్త కణాలు అంచు నుంచి వస్తున్నాయేమోనని రాశారు. ఇక్కడ అంచు అంటే నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సరిహద్దు. అద్దంలో మీ కన్ను మీరే చూసుకోండి, ఆ సన్నటి వలయం కనిపిస్తుంది. దాని పేరు లింబస్. వాళ్ల మాటను అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఇక మాస్టారు గారి పట్టికకు వద్దాం. సన్ పరిశోధకుడిగా మొదట చేరింది హోవర్డ్ గ్రీన్ అనే పెద్దాయన దగ్గర. ఆ గ్రీన్, రైన్‌వాల్డ్ అనే శిష్యుడితో కలిసి 1975లో మనిషి చర్మ కణాలను గాజు పాత్రలో పెంచే పద్ధతి కనిపెట్టాడు. అడుగున ఎలుక కణాలను పరిచి, వాటి మీద మనిషి కణాలను నారు పోసినట్లు పోశారు. ఆ పద్ధతితో పెంచిన చర్మంతో, ఒళ్లంతా కాలిన ఇద్దరు పిల్లలను బతికించారు. ఆ సంగతి 1984లో ప్రచురించారు. సన్ ఈ పద్ధతిని కంటి కణాలకు ఉపయోగించాడు. 1977లో గ్రీన్‌తో కలిసి నేచర్ పత్రికలో రాసిన వ్యాసం పట్టికలో మొదటి పేజీలో వుంది. కార్నియా కణాలు, తెల్లగుడ్డు మీది పొర కణాలు, చర్మ కణాలు, మూడింటినీ పాత్రలో పెంచి చూస్తే పెద్ద తేడాలేవీ కనిపించలేదని అందులో తేల్చారు. ఇంత కష్టపడి, తేడా లేదని రాయడమేమిటని మాస్టారు నవ్వారు. నిజమే. కానీ పైకి ఒకేలా కనిపించేవాటిని వేరుచేసి పట్టుకునే గుర్తు ఒకటి కావాలని ఆయనకు అక్కడే అర్థమైంది.

ఆ గుర్తు కెరటిన్. మన గోళ్లు, వెంట్రుకలు తయారయ్యేది ఈ జాతి ప్రొటీన్లతోనే. కణాల లోపల కూడా ఇవి వాసాల్లా వుంటాయి. ఒక్కొక్క చోటి కణాలకు ఒక్కొక్క రకం కెరటిన్. ముదిరిన కార్నియా కణంలో కె3 అనే రకం వుంటుంది. దానికి మాత్రమే అంటుకునే ఒక పదార్థాన్ని తయారుచేసి, కుందేలు కంటిని పలచగా కోసి, దాని మీద వేసి మైక్రోస్కోపులో చూశారు.

మాస్టారికి నేను చెప్పిన పోలిక ఇది. కె3 అనేది స్కూలు యూనిఫారం అనుకోండి. కార్నియాలో చేరిన కణమైతే యూనిఫారం వేసుకుంటుంది. కార్నియా నడుమ చూస్తే, పైవరస నుంచి అడుగు వరస దాకా అందరూ యూనిఫారంలోనే వున్నారు. లింబస్ దగ్గరకు వచ్చేసరికి పైవరసల వాళ్లు యూనిఫారంలో వున్నారు, అడుగు వరసలో మాత్రం ఎవరూ వేసుకోలేదు. అంటే వాళ్లు ఇంకా బళ్లో చేరని పిల్లలు. బడికి పిల్లలు వచ్చేది అక్కడి నుంచే!

ఇదే 1986లో షెర్మర్, గాల్విన్, సన్ ముగ్గురూ జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో రాసిన వ్యాసం. కార్నియాకు మూలకణాలు కార్నియాలో లేవు, దాని అంచున వున్నాయన్నారు. మేనల్లుడు దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. సరిగ్గానే చుట్టాడు.

రంగు అంటనంత మాత్రాన అవి మూలకణాలేనా అని ఎవరైనా అడగవచ్చు. 1989లో దానికీ జవాబు వచ్చింది. ఈసారి ఎలుకల మీద. మూలకణాలు నిదానమైనవి, ఊరికే విడిపోవు. కణాలు విడిపోయేటప్పుడు పీల్చుకునే పదార్థానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి, ఎలుకలకు చాలా రోజులపాటు ఇచ్చి, తర్వాత వారాల తరబడి ఆగారు. గబగబా విడిపోయే కణాల్లో ఆ గుర్తు పంచుకుపోయి మాయమవుతుంది. నిదానంగా వుండే వాటిలో మిగులుతుంది. మిగిలింది ఎక్కడంటే, లింబస్ అడుగు వరసలో. అంతేకాదు, కార్నియాకు గాయం చేస్తే ఆ నిదానపు కణాలే లేచి పనిలోకి దిగాయి. కోట్సరేలిస్, లావ్కర్, సన్ మొదలైనవాళ్లు ఇది సెల్ అనే పత్రికలో రాశారు.

ఇప్పుడు మీ వాడి కన్ను చూడండి. సున్నం కాల్చింది నల్లగుడ్డును మాత్రమే అయితే వారంలో మానేది. సున్నం చుట్టూ వున్న ఆ వలయాన్ని కూడా కాల్చేసింది. విత్తనం పోయింది. విత్తనం లేని మడిలో కలుపు పెరిగినట్లు, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి వచ్చేసింది. మన పెద్దవాళ్లు పువ్వు వేసిందంటారు. పువ్వుల్లో చాలా రకాలున్నాయి, ఇది వాటిలో మొండిది.

"చనిపోయినవాళ్ల కన్ను పెట్టవచ్చు గదండీ? నేత్రదానం అంటారు గదా?" అని కోడలు అడిగింది. చాలామంది అడిగే మాటే. దాత నుంచి తీసి కుట్టే కార్నియా 7, 8 మిల్లీమీటర్ల బిళ్ల. అది నడుమ భాగం. దాని మీది కణాలు కొద్ది రోజుల్లో రాలిపోతాయి. ఆ పైన మళ్లీ కప్పవలసింది రోగి స్వంత లింబస్. అదే లేనప్పుడు కొత్త అద్దం మీద కూడా ఈ కలుపే పెరుగుతుంది. వెనకటి రోజుల్లో సున్నం పడిన కళ్లకు కార్నియా మార్చి, అది చెడిపోతే మళ్లీ మార్చి, అలా విసిగిపోయిన డాక్టర్లెందరో. కారణం 1986 దాకా సరిగ్గా తెలియలేదు.

తెలిసిన తర్వాత మార్పు తొందరగానే వచ్చింది. 1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే డాక్టర్లు మంచి కంటి లింబస్ నుంచి ముక్కలు తీసి చెడిన కంటికి కుట్టి, ఫలితాలు ప్రకటించారు. పనిచేసింది. కానీ అప్పట్లో తీసిన ముక్కలు పెద్దవి. మంచి కంటికి ఏమవుతుందోనన్న భయం డాక్టర్లకూ వుండేది. అమ్మా, మీ భయం కొత్తదేమీ కాదని నేను పెద్దావిడకు చెప్పింది అందుకే.

ఆ భయం తగ్గించింది ఇటలీవాళ్లు. గ్రీన్ పద్ధతినే తీసుకుని, పెల్లెగ్రిని, డి లూకా బృందం 1 లేక 2 చదరపు మిల్లీమీటర్ల ముక్క తీసి, గాజు పాత్రలో దాన్ని పెద్ద పొరగా పెంచి ఇద్దరు రోగులకు పెట్టింది. 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మాస్టారూ, సున్నం ఎక్కడా లేదన్నారు గదా, ఇదిగో ఇక్కడ వుంది. ఆ ఇద్దరివీ క్షారం పడి కాలిన కళ్లే. సున్నం కూడా క్షారమే. మీ పట్టిక ఒక్క మనిషిది కాబట్టి ఇది అందులో లేదు. ఒకాయన కుందేలు కంట్లో కనిపెట్టిన దాన్ని పట్టుకుని ఇంకొకరు మనిషికి వైద్యం చేశారు.

2010లో అదే ఇటలీ బృందం 112 మంది రోగుల లెక్క ఇచ్చింది. నూటికి 76 మందికి పైగా కన్ను నిలకడగా బాగుపడింది. కొందరిని 10 ఏళ్ల దాకా చూశారు. అందులో నాకు నచ్చిన విషయం ఇంకొకటుంది. పెంచిన కణాల్లో అసలు మూలకణాలు నూటికి 3 మించి వున్న చోట 78 శాతం మందికి నయమైతే, 3 గాని అంతకు తక్కువ గాని వున్న చోట 11 శాతానికే నయమైంది. పొర ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, అందులో విత్తనం వుందా లేదా అన్నదే ముఖ్యం.

ఇక హైదరాబాదు. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో 2001 నుంచి ఇలా కణాలు పెంచి నాటడం మొదలుపెట్టారు. డాక్టరు సంగ్వాన్, డాక్టరు వేముగంటి గీత మొదలైనవాళ్లు. 200 మంది రోగుల ఫలితాలు 2011లో ప్రచురించారు. నూటికి 71 మందికి మేలు కలిగింది. కానీ కణాలు పెంచాలంటే ప్రత్యేకమైన లేబరేటరీ కావాలి, 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. ఐరోపాలో అధికారికంగా అనుమతి పొందిన మూలకణాల మందు ఇదే మొదటిది, 2015లో. దాని ధర మన జీతాలకు అందేది కాదు.

సంగ్వాన్, బసు మొదలైనవాళ్లు 2012లో తేలిక పద్ధతి ఒకటి చెప్పారు. కణాలను బయట పెంచడమెందుకు, కంటి మీదే పెరగనిస్తే సరిపోదా? మంచి కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు. చెడిన కంటి మీది కలుపు పొరను శుభ్రంగా వొలిచేసి, కాన్పులో వచ్చే మాయ నుంచి తీసిన పలచటి పొరను దాని మీద అతికిస్తారు. తీసిన ముక్కను 8, 10 చిన్న తునకలుగా చేసి ఆ పొర మీద అక్కడక్కడా పెట్టి జిగురుతో అంటిస్తారు. పైన రక్షణగా ఒక కాంటాక్టు లెన్సు. అంతా ఒకే ఆపరేషనులో అయిపోతుంది. వరి నాటేటప్పుడు చూడలేదూ, దూరదూరంగా పెట్టిన మొక్కలు పిలకలు వేసి మడంతా కమ్ముకుంటాయి. ఇదీ అంతే.

మొదట 6 మందికి చేసి రాశారు. 2016లో 125 మంది లెక్క వచ్చింది. అందులో 65 మంది పెద్దలు, 60 మంది పిల్లలు. నూటికి 76 మందికి కార్నియా మళ్లీ తేటగా, రక్తనాళాలు లేకుండా నిలిచింది.

"అంటే నూటికి 24 మందికి లేదన్నమాట" అన్నారు మాస్టారు. అన్నమాటే. అది దాచి చెప్పే డాక్టరును నమ్మకండి. రెప్ప గుడ్డుకు అతుక్కుపోయిన కళ్లలో ఫలితం తక్కువ. పైపొర బాగుపడినా లోపల మచ్చ మిగిలితే, తర్వాత కార్నియా మార్పిడి కావలసి రావచ్చు. అయితే అప్పుడు పెట్టిన కార్నియా నిలిచే అవకాశం వుంటుంది, కప్పడానికి కణాలు వున్నాయి కాబట్టి.

మరి మంచి కన్ను? తీసే ముక్క గడియారం ముళ్ల లెక్కలో ఒక గంట వెడల్పు మించదు. మిగతా 11 గంటల వలయం పదిలంగా వుంటుంది. తీసిన చోటు కొద్ది రోజుల్లో మానిపోతుంది. చూపు వుండేది నడుమ భాగంలో, దాని జోలికి పోరు. అయితే ఆ కన్ను నిజంగా మంచిదేనా అన్నది ముందు చూడాలి. సున్నం చిమ్మినప్పుడు దాని మీద కూడా కొంచెం పడి, పైకి తెలియకుండా వుండవచ్చు. ఆ పరీక్ష చేశాకే ముక్క తీస్తారు. మీరు హైదరాబాదు వెళ్లి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని చెప్పాను.

రెండు కళ్లూ పోయినవారి సంగతి వేరు. దగ్గరి బంధువు నుంచి ముక్క తీసి, శరీరం దాన్ని తోసెయ్యకుండా మందులు వాడాలి. లేదా నోటి లోపలి పొర కణాలను పెంచి కంటి మీద పెట్టే పద్ధతి వుంది. జపాన్‌లో నిషిదా బృందం 2004లో 4 గురు రోగుల మీద ఇది చూపించింది. కష్టమే గాని దారి లేకపోలేదు.

ఇంతలో పెద్దావిడ, "మరి నా కంటికి కూడా ఆ కణాలు పెట్టరాదా బాబూ? షుగరు వల్ల నరం దెబ్బతిన్నదన్నారు" అంది. పెట్టరాదమ్మా అన్నాను. ఈ లింబస్ కణాలు కంటి ముందు అద్దాన్ని బాగుచేస్తాయి. మీకు చెడింది వెనక తెర, రెటీనా. రెండూ వేరు. మూలకణాల పేరు చెప్పి ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు అన్ని దేశాల్లోనూ బయలుదేరారు. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లు, రెటీనా జబ్బుకని కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోకీ ఎక్కించుకుని, చూపు తీవ్రంగా పోగొట్టుకున్నారు. 2017లో వైద్య పత్రికలో ఆ సంగతి వచ్చింది. మాస్టారు లాగే వ్యాసాల పట్టిక అడగండి. ఎవరి మీద చేశారు, ఎంతమందికి చేశారు, ఎన్నేళ్లు చూశారు, చెడినవాళ్లెందరు అని చూడండి. అందులో మనుషులే లేకపోతే అది ఇంకా వైద్యం కాలేదన్నమాట. ఈ లింబస్ విషయంలో కూడా వాదాలు జరిగాయి. ఎలుక కార్నియా నడుమ కూడా మూలకణాలున్నాయని 2008లో నేచర్‌లో ఒక బృందం రాసింది. ఆ తర్వాత కణాలకు రంగు గుర్తులు పెట్టి చూసిన పరిశోధనలు మళ్లీ లింబస్ వైపే మొగ్గాయి. ఎవరూ ఎదురుచెప్పని శాస్త్రాన్ని నేనైతే ఎక్కువగా నమ్మను.

చివరికి మాస్టారు అసలు అడగదలుచుకున్నది అడిగారు. గొంతు తగ్గించి, "వెంటనే ఏం చేసి వుండవలసింది?" అని.

నీళ్లు. అంతే. కొంగుతో తుడవడం కాదు, ఆముదం కాదు, నెయ్యి కాదు, చనుబాలు కాదు. క్షారానికి విరుగుడని నిమ్మరసం, వెనిగరు పోయడం మరీ ప్రమాదం. పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు తల పట్టుకుని, ఒకరు రెప్పలు విడదీసి, ముక్కు వైపు నుంచి బయటికి కారేలా చెంబుతో నీళ్లు పోస్తూనే వుండాలి. కుళాయి నీళ్లయినా, బిందె నీళ్లయినా, శుభ్రంగా వుంటే చాలు. కనీసం అరగంట. పిల్లవాడు ఏడుస్తాడు, తన్నుతాడు, ఆపకండి. ఆ తర్వాతే ఆటో. వీలైతే ఆటోలో కూడా పోస్తూ వెళ్లండి. యాసిడ్ పడితే మాంసకృత్తులు గడ్డకట్టి లోపలికి దిగకుండా కొంత అడ్డం పడతాయి. సున్నం అలా కాదు. కణాల కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. ప్రతి నిమిషమూ లెక్కే. పైగా సున్నం ముద్ద రెప్ప కింద దాక్కుంటుంది. కన్ను ఎర్రగా లేదు, తెల్లగా ప్రశాంతంగా వుందని సంతోషించకండి. కాలి రక్తనాళాలు మూసుకుపోతే కన్ను తెల్లగా పాలిపోతుంది. అది చెడ్డ లక్షణం.

ఇది నాకు ఎలా తెలుసో కూడా చెప్పాలి. చదువు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పల్లె ఆస్పత్రికి గోడలకు సున్నం వేసే కుర్రాడు కన్ను పట్టుకుని వచ్చాడు. సెలైను బాటిలు ఒకటి పెట్టి కడిగాను, ఆయింట్‌మెంటు వేసి కట్టు కట్టాను. పైరెప్ప తిరగేసి చూడలేదు. మూడో రోజు కట్టు విప్పితే రెప్ప లోపలి మడతలో శనగ బద్దంత సున్నం ముద్ద. మూడు రోజులుగా అది కంటిని కాలుస్తూనే వుంది. నేను వేసిన కట్టు కింద. అప్పటి నుంచి కన్ను అనగానే ముందు రెప్ప తిరగేస్తాను. మా దగ్గర పనిచేసే నర్సులందరికీ అదే నేర్పాను. ఆ కుర్రాడి కన్ను మాత్రం రాలేదు.

మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎప్పుడు వెళ్లమంటారు?" అన్నారు. ఆపరేషనుకు కంటి ఎరుపు, వాపు చల్లారాలి, అందుకు నెలలు పట్టడం మామూలే. కానీ 5 ఏళ్ల పిల్లవాడి విషయంలో మరీ ఏళ్లు ఆగడానికి లేదు. 7, 8 ఏళ్లలోపు పిల్లల్లో చూపు ఇంకా తయారవుతూ వుంటుంది. ఒక కన్ను మూసుకుపోయి వుంటే మెదడు ఆ కంటిని మరిచిపోతుంది. అద్దం బాగుపడినా చూపు రాదు. దాన్ని బద్ధకపు కన్ను అంటారు. అందుకని ఆపరేషను తర్వాత మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచీ వేసి, చెడిన కంటితో చూడటం అలవాటు చేయిస్తారు.

ఆ వారమే వెళ్లారు. ఎడమ కన్ను పరీక్షించి, బాగుందని తేల్చుకుని ఆపరేషను చేశారు. నెల తర్వాత కోడలు పిల్లవాణ్ణి చూపించడానికి వచ్చింది. ఎడమ కంట్లో ముక్క తీసిన చోటు వెతికినా నాకు కనిపించలేదు. కుడి కన్ను పైపొర తేటపడుతోంది. నీరు కారడం తగ్గింది. చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమని అక్కడి డాక్టర్లు అన్నారు, నేనూ అదే అన్నాను. ప్యాచీ మాత్రం వాడికి గిట్టడం లేదట, వేసిన 5 నిమిషాలకే పీకేస్తున్నాడట. తాతగారు తానూ ఒక కంటికి గుడ్డ కట్టుకుని పక్కన కూర్చుని కథ చదివితేనే వుంచుకుంటున్నాడని చెప్పింది. రోజుకు 2 గంటలు అవుతోందట. అక్కడివాళ్లు చెప్పింది 4 గంటలు. ఇంకో కథ చదవమనండి అన్నాను.